పోడు మీద ఒక మాట అనే ముందు

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్న. మాది నర్సంపేట దగ్గర ఊరు. బాపుకు పాకాల ఆయకట్టు కింద మూడెకరాల పొలం ఉన్నది. హాస్టల్ల నా రూమ్మేట్ ములుగు జిల్లాల ఒక గూడెం నుంచి వచ్చిన కోయ అమ్మాయి. చేరినప్పటి నుంచి ఇద్దరం ఒక్క కంచంల తిన్నం. మొన్న వానాకాలం వాళ్లు అడవి కొట్టి దున్నుకునే పోడు భూమి చుట్టూ ఫారెస్టోళ్లు కందకం తవ్వి మొక్కలు పెట్టిండ్రట. ఆ భూమికి పట్టా లేదు. ఇంటి నుంచి ఫోన్ వచ్చినంక ఆమె ఏడుస్తుంటే ఓదార్చాల్సింది పోయి, "మీవాళ్లు అడవంతా నరికితే ఆఫీసర్లు మాత్రం ఏం చేస్తరు" అన్న. అప్పటి నుంచి నాతోని మాట్లాడుతలేదు. ఇప్పుడు సెమినార్‌కు కూడా నాకు పోడు వల్ల అడవికి నష్టం అనే టాపిక్కే వచ్చింది. సార్ "రెండు దిక్కులా చూసి చెప్పు" అన్నడు. ఫ్రెండ్స్ "నువ్వన్నది కరెక్టే, తగ్గకు" అంటున్నరు. అడవి పోతే అందరికీ నష్టమని నేను నిజంగనే నమ్ముత. అందరి మాటా వినుకుంట పోతే చివరికి నాకంటూ ఒక అభిప్రాయం మిగులుతదా? ఎంత విన్నంక ఒక మాట మీదికి రావాలె? ఆమెతోని మళ్లీ ఎట్ల మాట్లాడాలె?
– ఒక చెల్లె, హన్మకొండ

జవాబు: చెల్లె, నీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, అది ఆగేది కాదు. ఇయ్యాలే ఆమె దగ్గరికి పో. ఆ రోజు అన్న మాట తప్పని చెప్పు. అంతవరకే చెప్పు. "నేనన్నది తప్పే గానీ, అడవి సంగతి కూడా చూడాలె గదా" అన్నావంటే లొల్లి మళ్లీ మొదలుపెట్టినట్టే. అడవి గురించి నీ అభిప్రాయం రేపు సరైందని తేలినా సరే, ఏడుస్తున్న మనిషితో అనే మాట కాదది. ఆ తప్పుకూ, ఈ అభిప్రాయానికీ ముడిపెట్టకు.

ఇంకో మాట. పోడు నీకు సెమినార్ టాపిక్. వాళ్లింట్లో అది ఈ యేటి తిండి. మాటలు కలిసిన మర్నాడే నోట్‌బుక్ పట్టుకొని "మీ వాదన ఏంది, చెప్పు" అని ఆమె ముందు కూర్చోవద్దు. తన ఇల్లు తప్పు చేయలేదని పూటపూటా రుజువు చేసుకోవాల్సిన బరువు ఆమె మీద ఎందుకు పెట్టాలి? తనంతట తాను చెప్తే విను. చెప్పకపోతే తెలుసుకునే దారులు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

ఇప్పుడు అసలు ముచ్చట. పోడు గురించి నీకు తెలిసిందంతా ఎవరి నోటి నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకో. పాఠ్యపుస్తకం, పేపర్లో వచ్చే అటవీశాఖ ప్రకటన, హరితహారంలో మొక్క నాటిననాడు విన్న ఉపన్యాసం. ఇవి అబద్ధాలని నేను అనడం లేదు. పోడు చేసుకునే మనిషి మాట మాత్రం వీటిలో ఒక్కదాంట్లోనూ లేదు. ఆయన మాట కూడా ఆయనను కాదనేవాళ్ల ద్వారానే నీదాకా వచ్చింది. మన దేశంలో దేవుడు, పరలోకం లేవన్న చార్వాకులకు ఇదే జరిగింది. వాళ్ల సొంత గ్రంథాలు దాదాపు ఏవీ మిగల్లేదు. వాళ్లు ఏమన్నారో మనకు తెలిసింది చాలావరకు వాళ్లను ఖండించినవాళ్ల రాతల్లోనే. పూర్వపక్షాన్ని, అంటే అవతలివాళ్ల వాదనను, ముందు పెట్టి, దానికి జవాబు చెప్పి, ఆ తర్వాతే తన సిద్ధాంతం చెప్పడం మన శాస్త్రకారుల పద్ధతి. గొప్ప పద్ధతే. కానీ ఆ పూర్వపక్షాన్ని రాసింది కూడా ప్రత్యర్థే అయినప్పుడు, అందులో ఎంత పోయిందో అడిగేందుకు ఇవాళ ఒక్క చార్వాకుడూ లేడు. పోడు రైతు ఉన్నాడు. బస్సెక్కితే రెండు మూడు గంటల్లో ఆయన ముందు కూర్చోవచ్చు.

ఆయన వాదన నాకు అర్థమైనంతలో, దాని బలం తగ్గించకుండా చెప్తాను. నిజాం ప్రభుత్వం రిజర్వు ఫారెస్టు అని గీతలు గీసేనాటికే ఆ అడవుల్లో మనుషులున్నారు. గీత పడ్డనాటి నుంచి తాతలు దున్నిన చెలకలోనే మనుమడు దొంగ అయ్యాడు. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం ప్రాణం పోయింది ఆ భూమి, ఆ అడవి కోసమే. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపి గోండుల బతుకు మీద అధ్యయనం చేయించింది. ఆ పని వల్ల ఆదిలాబాద్‌లో వేల కుటుంబాలకు పట్టాలొచ్చాయి. రానివాళ్లు అట్లాగే మిగిలిపోయారు. ఇది వాళ్ల ఆరోపణ మాత్రమే కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టమే తన పీఠికలో అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. భూమి చేతిలో ఉండి కాగితం లేని రైతుకు బ్యాంకు పంట రుణం రాదు, సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం రాదు, కందకం తవ్వడానికి జేసీబీ వచ్చిననాడు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

నువ్వు బాటనీ విద్యార్థివి గనుక ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. నీ పుస్తకంలో పోడు అంటే అడవి కొట్టి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి, ఆ జాగా వదిలేసి ఇంకో చోటికి పోవడం అని ఉంటుంది. మన ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఇయ్యాల పోడు అని పిలిచేది చాలాచోట్ల అది కాదు. ఏండ్ల తరబడి ఒకే చెలకలో పత్తో మక్కజొన్నో వేస్తున్నారు. దాని మంచి చెడ్డలు వేరు, దాని లెక్క వేరు. పుస్తకంలో ఉన్న పోడును ఖండించి, నేల మీద ఉన్న పోడుకు జవాబు చెప్పాననుకుంటే నీ సెమినార్ మొదటి నిమిషంలోనే గురి తప్పుతుంది.

ఇప్పుడు అటవీశాఖ మాట. దాన్ని కూడా ఖాకీ దౌర్జన్యం అని కొట్టిపారేయడం సులువు. నీ రూమ్మేట్ వైపు నిలబడేవాళ్లు చాలామంది చేసే పని అదే. చట్టం ఒక తేదీ పెట్టింది: 2005 డిసెంబరు 13. ఆనాటికి సాగులో ఉన్న భూమికే హక్కు. అయితే ఆ తేదీ తర్వాత కూడా అడవి నరకడం ఆగలేదు. ఎప్పుడో ఒకనాడు మళ్లీ పట్టాలిస్తారన్న ఆశ ప్రతి ఎన్నికకూ ముందు లేస్తుంది, దానితోపాటు గొడ్డళ్లు కూడా లేస్తాయి. నరికించేది ప్రతిసారీ గూడెం మనిషే కాదు, వెనక పెట్టుబడి పెట్టే మైదానం మనుషులూ ఉంటారు. దీని ముందు నిలబడాల్సింది చేతిలో కర్ర తప్ప ఏమీ లేని ఒక బీట్ ఆఫీసర్. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించడానికి పోయిన మహిళా రేంజ్ అధికారిని కర్రలతో కొట్టారు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజ్ అధికారిని పోడు గొడవలోనే నరికి చంపారు. ఆ ఇంట్లోనూ ఎవరో ఫోన్ పెట్టేసి ఏడ్చారు.

నీళ్ల సంగతి కూడా ఉంది. గణపతిదేవుని కాలంలో పాకాల చెరువు కట్టినవాళ్లు కట్ట ఒక్కటే కట్టారు. దాంట్లోకి నీళ్లు పంపేది చుట్టూ ఉన్న గుట్టలూ అడవీ. ఆ అడవి పలచబడితే వాన నీరు ఆగకుండా ఉరుకుతుంది, మట్టి వచ్చి చెరువులో పడుతుంది. మీ బాపు మూడెకరాలకు వచ్చే నీళ్లు అక్కడివే. ఇది నీ ఉత్తరంలో నువ్వే రాశావు గానీ గమనించినట్టు లేవు: ఈ లొల్లిలో నువ్వు గట్టు మీద నిలబడి చూసే మనిషివి కావు. నీ ఇంటికీ దీంట్లో లాభనష్టాలున్నాయి. అది తప్పేమీ కాదు. కాకపోతే "నేను శాస్త్రం మాట్లాడుతున్న, ఆమె తన స్వార్థం మాట్లాడుతున్నది" అని ఇకముందు అనుకోలేవు.

మీ సార్ రెండు దిక్కులన్నాడు గానీ, రెండే లేవు. గుత్తికోయలు ఛత్తీస్‌గఢ్‌లో గొడవలు తట్టుకోలేక ఇటు వచ్చినవాళ్లు. వాళ్లు కొత్తగా అడవి కొడితే మొదట అభ్యంతరపెట్టే వాళ్లలో పాత కోయ గూడేలూ ఉంటాయి. తండాల లంబాడీలకూ కోయ, గోండులకూ మధ్య ఉన్న గొడవ వేరే పెద్ద కథ. ఎస్టీలు కాని రైతులు కూడా పోడులో ఉన్నారు. వాళ్లు 75 ఏండ్లుగా, అంటే మూడు తరాలుగా, అక్కడే అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలని చట్టం అడుగుతుంది. ఇంక ఇప్పపువ్వు ఏరుకునే, తునికాకు కోసే ఆడవాళ్లకు పోడు చెలకా కావాలి, దాని అవతల అడవీ నిలవాలి. "మీవాళ్లు" అని నువ్వు ఆ రోజు అన్నావే, ఆ ఒక్క మాటలో వీళ్లందరినీ ఒక్క మూటగా కట్టేశావు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాళ్లు బస్తా మూతి దగ్గరి కాయలు చూసి ధర కట్టరు, లోపలికి చెయ్యి పెట్టి అడుగు నుంచి తీసి చూస్తారు. నువ్వు మూతి దగ్గరే ధర చెప్పేశావు.

ఎంత విన్నాక ఒక మాట మీదికి రావాలి అని అడిగావు. దానికి ఇన్ని పుస్తకాలు, ఇంతమంది మనుషులు అనే లెక్క లేదు. నేను నమ్మే గుర్తు ఒక్కటే. పోడు రైతు వాదనను నువ్వు ఒక పేజీలో రాసి చదివితే, ఆయనే విని "అవును బిడ్డా, మేము చెప్పేది ఇదే" అనాలి. బీట్ ఆఫీసర్ వాదనను రాసి చదివితే ఆయనా అట్లాగే అనాలి. అందాకా నీది అభిప్రాయం కాదు, నీకు అందిన వార్త మాత్రమే. చాలామంది అవతలి వాదన రాయమంటే "అమాయకులు, వేరే దారి లేక చేస్తున్నారు" అని జాలిగా రాస్తారు. అది వాళ్ల వాదన కాదు. వాళ్లు జాలి అడగడం లేదు, హక్కు అడుగుతున్నారు. ఆ తేడా నీ పేజీలో కనపడకపోతే మళ్లీ రాయి.

విన్నంత మాత్రాన సరిపోదని కూడా చెప్పాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 1979లో 48 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం అచ్చు వేశారు. వాళ్లలో సగం మంది మరణశిక్ష కావాలనేవాళ్లు, సగం మంది వద్దనేవాళ్లు. అందరికీ రెండు అధ్యయనాలు ఇచ్చారు. మరణశిక్ష వల్ల హత్యలు తగ్గుతాయని ఒకటి, తగ్గవని ఇంకొకటి. రెండు వైపులా చదివాక ఇరువర్గాలూ కొంచెమైనా దగ్గరికి రావాలి కదా? ఇంకా దూరం జరిగారు. ఎవరికి వాళ్లు తమకు నచ్చిన అధ్యయనం గట్టిదన్నారు, నచ్చనిదాంట్లో తప్పులు వెతికారు. ఆ పరిశోధకుల్లో కొందరు 1984లో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయారు. "పక్షపాతం లేకుండా చదవండి" అని చెప్పి చూస్తే పెద్దగా ఫలితం లేదు. "ఇదే పద్ధతిలో చేసిన అధ్యయనం దీనికి ఎదురు ఫలితం ఇచ్చి ఉంటే, అప్పుడు కూడా మీరు ఇట్లాగే తీర్పు చెప్పేవాళ్లా?" అని అడుగుతూ చదవమన్నప్పుడు మాత్రం ఆ వంకర చాలావరకు సరైంది. మీ సార్ చెప్పిన "రెండు దిక్కులా చూడు" మంచి మాటే, కానీ మొదటి రకం సలహా. నువ్వు రెండోది పట్టుకో. ఒక గూడెం పెద్దమనిషి "మేము ఇక్కడ నలభై ఏండ్ల నుంచి ఉన్నం" అంటే నీకు వెంటనే "రుజువేది?" అనిపిస్తుంది. ఒక అధికారి "ఇది నిన్నగాక మొన్న కొట్టిన పోడు" అంటే కూడా అదే వేగంతో "రుజువేది?" అనిపిస్తున్నదా? ఒకరి దగ్గర అడిగి ఇంకొకరి దగ్గర అడగడం లేదంటే, త్రాసు ఎటు మొగ్గుతున్నదో నీకే తెలుస్తుంది. డార్విన్‌కు ఒక అలవాటు ఉండేదట, తన ఆత్మకథలో రాసుకున్నాడు: తన సిద్ధాంతానికి అడ్డం వచ్చే సంగతి కనపడగానే అక్కడికక్కడే రాసి పెట్టుకునేవాడు. అనుకూలమైనవాటి కంటే అవి తొందరగా మనసులోంచి జారిపోతాయని ఆయన అనుభవం.

మరి ఇంత చేస్తే అభిప్రాయం మిగులుతుందా? మిగులుతుంది, కాకపోతే రూపం మారుతుంది. "పోడు తప్పు", "పోడు రైటు" అనే రెండు ముక్కల్లో అది ఇమడదు. ఒక చెలక 2005కు ముందు నుంచి సాగులో ఉందా లేదా అన్నది నిజానికి సంబంధించిన ప్రశ్న, దానికి ఆధారాలతో జవాబు దొరుకుతుంది. ఉంటే హక్కు ఇవ్వాలా అన్నది చట్టం ఎప్పుడో తేల్చేసిన ప్రశ్న. లేకపోతే ఆ కుటుంబాన్ని ఏం చేయాలి, అడవికీ ఆకలికీ మధ్య ఎక్కడ ఆగాలి అన్నది విలువల ప్రశ్న, అక్కడ మంచి మనుషులు కూడా వేరువేరుగా ఆలోచిస్తారు. మన లొల్లి అంతా ఈ మూడింటినీ కలిపి మాట్లాడటం వల్లే. విడదీశావంటే కొన్నిచోట్ల నీ మాట మునుపటి కంటే గట్టిగా ఉంటుంది. "నిరుడు నరికిన అడవికి పట్టా ఇవ్వొద్దు" అని నువ్వు గొంతెత్తి చెప్పొచ్చు, దానికి నేనూ నీ వెంటే ఉంటాను. "పట్టా లేదు కాబట్టి ఆక్రమణదారే" అని మాత్రం అనలేవు.

ఇది నేను గాలికి చెప్పడం లేదు. సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను అడవుల నుంచి ఖాళీ చేయించాలని ఆదేశించింది. 28న తన ఆదేశాన్ని తానే ఆపింది. ఆ తిరస్కరణలు ఏ పద్ధతిలో చేశారో, గ్రామసభల మాట విన్నారో లేదో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. దేశంలో అతిపెద్ద కోర్టు పదిహేను రోజుల్లో ఆగి మళ్లీ అడిగింది. ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఆగి అడిగితే చిన్నతనం ఏమీ లేదు. ఇక్కడ 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం దాదాపు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది. అంటే ఆ నెల ముందు దాకా వాళ్లందరి దగ్గరా కూడా పట్టా లేదు, నీ రూమ్మేట్ వాళ్ల లాగే.

మీ ఫ్రెండ్స్ "తగ్గకు" అంటున్నారన్నావు. వాళ్లలో ఒక్కరైనా గూడెం చూశారా, అడవి హక్కుల చట్టం చదివారా అని అడుగు. పట్టుదల మంచిదే, తెలిసిన సంగతి మీద అయితే.

సెమినార్‌కు ఇంకా టైముంటే ఈ పని చెయ్యి. ముందు చట్టం నువ్వే చదువు, పెద్దదేమీ కాదు. భూమి 4 హెక్టార్లు దాటకూడదని, అమ్ముకోవడానికి వీల్లేదని, పెండ్లయినవాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరుతో ఇవ్వాలని దాంట్లో ఉంది. అడవినీ, అడవి జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చే సెక్షన్ కూడా ఉంది. అడవికి వ్యతిరేకమైన చట్టం అని నువ్వు అనుకుని ఉంటే అది చదివాక ఆ మాట మార్చుకుంటావు. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తీసి, ఏదో ఒక ప్రాంతంలో 2005 నాటి నుంచి అడవి ఎట్లా మారిందో చూడు. కొన్నిచోట్ల కొత్త నరుకుడు కండ్లకు కడుతుంది. కొన్నిచోట్ల అడవి అనుకున్నది ఎప్పటి నుంచో చెలకే అని తెలుస్తుంది. అయితే నిబంధనల ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటి స్థానంలో వచ్చేది కాదు. గూడెం పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే. ఆ తర్వాత ఒక బీట్ ఆఫీసర్‌ను, ఒక పోడు రైతును కలువు. ఇద్దరినీ "ఎందుకు ఇట్లా చేస్తున్నారు?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు మనుషులు ముడుచుకుపోతారు. "మీ రోజు ఎట్లా గడుస్తుంది, ఎక్కడ కష్టం వస్తుంది, ఏం మారితే బాగుంటుంది" అని అడుగు. టైము సరిపోకపోతే మీ సార్‌ను ఇంకో వారం అడుగు. కారణం చెప్పి అడిగితే ఇచ్చే మనిషి లాగే ఉన్నాడు.

ఒకవేళ నీ రూమ్మేట్ మళ్లీ మాట్లాడి, భూమి సంగతి తనే ఎత్తితే, నీ చదువు ఆమెకు పనికొచ్చే చోటు ఒకటుంది. వాళ్ల దరఖాస్తు తిరస్కరించారా, లేక అసలు జవాబే రాలేదా అని కనుక్కో. తిరస్కరిస్తే కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి. గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు మీద విచారణ పూర్తయ్యేదాకా ఆ భూమి నుంచి వాళ్లను తొలగించకూడదని చట్టంలోనే ఉంది. ఆ కాగితాలు ఎప్పటివో, ఏ తేదీలు వేసి ఉన్నాయో ఇద్దరూ కూర్చొని చూడండి. ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకు పోయేటప్పుడు జిరాక్సులు రెండు సెట్లు తీసుకుపోండి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.